డ్రైవరు బావ పెద్ద కార్డును వదులుకున్న యుద్ధం

ప్రచండ మార్తాండుడు రేకుల కప్పుల మీద నిప్పులు చెరుగుతుండగా, వీధి పొడవునా నిలిపిన మోటారు సైకిళ్ల సీట్లు పెనాల్లా కాగుతుండగా, మూలనున్న ట్రాన్స్‌ఫార్మరు యుద్ధారంభ శంఖంలా ఒకే రొదను విరామం లేక వినిపిస్తుండగా, కంప్యూటరు విడిభాగాల దుకాణాలు ఉభయ పార్శ్వాలా సేనావ్యూహాల్లా మోహరించిన ఆ ఇరుకు వీధిలోకి, షట్చక్ర మహారథ సారథి, గుంతల మార్గ గమనాగ్రేసరుడు, హారన్‌నాద నిర్ఘోష నిపుణుడు, సేవాకాలమంతా ఒక కోడిపిల్లను సైతం తొక్కని కరుణాచక్రవర్తి అయిన రిటైరైన బస్సు డ్రైవరు ప్రవేశించాడు.

చేతిలో గొడుగు. జేబులో కంటి చుక్కల సీసా. వెనుక బావ.

ఆ బావ సామాన్యుడు కాడు. డ్రైవరు చనిపోయిన భార్యకు స్వయానా అన్న. అదే బస్సులో కండక్టరు. చర్మసంచీ భూషణుడు, టికెట్ ఛేదన విశారదుడు, బస్సులో పట్టినంత మందిని ఎక్కించి, ఆ పైన మళ్లీ అంతమందిని ఎక్కించి, ఇంకా తలుపు దగ్గర చోటుందని దబాయించిన జనసమ్మర్ద శిల్పి. వాళ్లిద్దరూ ఒకరినొకరు 'బావా' అనే పిలుచుకునేవారు. ప్రేమతో పిలిచారా కోపంతో పిలిచారా అన్నది గొంతును బట్టి తెలుసుకోవాలి. ఎక్కువసార్లు కోపమే.

యుద్ధకారణం ఇది. కంటి పరీక్షలో అక్షరాల బోర్డు మీది కింది వరుస డ్రైవరుకు చీమల బారులా కనిపించింది. లైసెన్సు పోయింది. అంతకుముందే భార్య పోయింది. ఆమె పోయినప్పుడు పరామర్శకు జనం వచ్చారు, కూర్చున్నారు, టీలు తాగారు, వెళ్లారు. లైసెన్సు పోయినప్పుడు ఎవరూ రాలేదు. డ్రైవరు ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఇంట్లో నోరున్నది ఫ్రిజ్ ఒక్కటే. అది గుర్రుమన్నప్పుడల్లా అతని కుడికాలు అక్కడ లేని యాక్సిలరేటరును తొక్కేది.

రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే కూతురు ఆ కాలిని చూసింది. ఒక ఆదివారం తన పాత ల్యాప్‌టాపులో బస్సు నడిపే గేమ్ వేసి తండ్రి ముందు పెట్టింది. ఆ ల్యాప్‌టాపు ముసలిది. అందులో బస్సు స్టాండు గేటు దగ్గర మలుపు తిరగడం మొదలుపెడితే, డ్రైవరు లేచి టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి, వచ్చి కూర్చున్నా మలుపు పూర్తయ్యేది కాదు. అయినా సాయంత్రం వరకూ అతను కుర్చీ వదల్లేదు.

"నాకు దీనికి తగిన మంచి పెట్టె కావాలి," అన్నాడు చివరికి.

భార్య పోయాక అతని నోట 'కావాలి' అన్న మాట రావడం అదే మొదలు. కూతురు సరేనంది. డ్రైవరు దాచుకున్నది తీశాడు. కండక్టరు కొంత కలిపాడు, కలిపానన్న సంగతిని జీవితాంతం గుర్తుచేసే హక్కుతో సహా. అలా పోగైన ధనం రాజుల ఖజానా కాదు, బిచ్చగాడి జోలె కాదు. మధ్యస్థమైనది, అంటే ఏ కొట్లోకి వెళ్లినా అన్నీ చూపించి ఏదీ చేతికి రానివ్వనిది. దానితో డ్రైవరు మళ్లీ బండి తోలాలి. తోలలేకపోతే మళ్లీ ఫ్రిజ్ ఉంది.

వీరులిద్దరూ దుకాణంలో కాలుపెట్టారు. అచట చెవి వెనుక స్క్రూడ్రైవరును నెమలిపింఛంలా ధరించి, ముక్కాలి పీటనే సింహాసనంగా అధిష్ఠించి, వచ్చిన వారిని చూడకుండానే వాళ్ల శక్తిని అంచనా కట్టగల యంత్రపేటికాధీశ్వరుడు, అనగా షాపాయన, ఎవరిదో పాత కంప్యూటరు పొట్ట విప్పి దుమ్ము ఊదుతున్నాడు.

"ఏం కావాలండీ?"

"బస్సు తోలాలి," అన్నాడు డ్రైవరు.

షాపాయన తల ఎత్తాడు. కండక్టరు కల్పించుకుని విషయం చెప్పాడు. చెప్పడంలో తన వాటా ఎంతో కూడా చెప్పాడు.

అప్పుడు కదా, గాజుబీరువా పైఅరలో, త్రిపంకా విరాజితమై, సప్తవర్ణ దీపకాంతి సంశోభితమై, శత్రుభయంకర కృష్ణకవచ సంవృతమై, ఇటుకంత బరువూ మూరెడు పొడవూ కలిగి, తనను కొనలేనివారిని కూడా ఒకసారి చేత్తో పట్టుకోనిచ్చే మాయలాడి ఆ మహా గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు కంటపడింది. సగం చూపు పోయిన ఆ కంటికి అది మాత్రం నిండుగా కనిపించింది.

"అదీ ఇంజనంటే," అన్నాడు.

"దాని పని వేరండీ," అన్నాడు షాపాయన. "అది కొంటే మీ డబ్బంతా దానికే అయిపోతుంది. కార్డు మధ్యరకంది తీసుకోండి, ప్రాసెసర్ కొంచెం మంచిది వేయండి. అన్నీ ఒకదానికొకటి సరిపోవాలి."

"ప్రాసెసర్ ఏం చేస్తుంది?"

"ఆలోచిస్తుంది. రోడ్డు మీద ఎవరెటు పోతున్నారు, సిగ్నలెప్పుడు పడాలి, మీరు బ్రేకు నొక్కితే బండి ఎంతలో ఆగాలి, అదంతా ప్రాసెసర్ లెక్క. కార్డు బొమ్మ గీస్తుంది, అంతే."

"ఆలోచించడం నా పని. దానికెందుకు?" అన్నాడు డ్రైవరు. "దానికి చవకది వెయ్యి. బండికి ఇంజను ముఖ్యం."

"మరి ర్యామ్? ప్రాసెసర్ లెక్కలన్నీ కూర్చునే చోటది. రెండు వేయమంటారా?"

ఈసారి కండక్టరు ముందుకొచ్చాడు. "ర్యామంటే సీట్లే కదయ్యా? ఒకటి చాలు. మిగతావాళ్లు నిలబడతారు."

"ర్యాములో ఎవరూ నిలబడరండీ."

"ఎక్కేముందు అందరూ అట్లాగే అంటారు. ఎక్కాక సర్దుకుంటారు."

షాపాయన పవర్ సప్లై ఊసెత్తాడు. అన్నిటికీ కరెంటు పంచేది అదే కాబట్టి దాని దగ్గర పిసినారితనం వద్దన్నాడు. అది డీజిల్ ట్యాంకు వంటిదని డ్రైవరు తేల్చాడు. చిన్న ట్యాంకైతే ఏం, తరచూ పోయించుకోవచ్చన్నాడు. క్యాబినెట్ విషయానికొస్తే, అన్నిటిలోకీ ఇరుకైన పెట్టెను కండక్టరు తట్టి చూసి, "ఇందులో ఇంకా బోలెడు చోటుంది," అని తీర్పిచ్చాడు.

షాపాయన మంచివాడు కాడు, చెడ్డవాడు కాడు. చూపిస్తే తప్ప నమ్మని జాతిని రోజూ చూసేవాడు. "నా పద్ధతి చెప్తా వినండి," అన్నాడు. "బల్ల మీద అంతా బిగించి చూపిస్తా. బిల్లు కొట్టకముందు ఎన్నైనా మార్చుకోండి. కొట్టాక మాత్రం మీ అమ్మానాన్నా లేచొచ్చినా మార్చను."

"కానీ," అన్నాడు డ్రైవరు.

అంతట పేటికా సంధానం మొదలైంది. మదర్‌బోర్డు అనే హరిత మైదానం మీద చవక ప్రాసెసర్ చిన్న బిళ్లలా కూర్చుంది. ర్యామ్ ఒక్కటే దిక్కులు చూస్తూ నిలబడింది. అటుపైన ఆ త్రిపంకాధారి మహా కార్డు గజరాజులా పెట్టె ద్వారం దగ్గరికొచ్చి, తొండం దూర్చి, నడుము దగ్గర ఆగిపోయింది.

"పట్టదండీ."

"ఎందుకు పట్టదూ? ముందున్నవాణ్ని కొంచెం జరగమను," అన్నాడు కండక్టరు.

"ముందున్నది గాలి ఫ్యాను."

"దించెయ్యి."

ఫ్యాను దిగింది. కార్డు ఎక్కింది. కండక్టరు అరచేత్తో దాని వెన్ను మీద నొక్కి, 'చూశావా' అన్నట్టు షాపాయన వైపు చూశాడు. వెనుక ప్రింటరును చంటిబిడ్డలా ఎత్తుకుని తన వంతు కోసం నిలబడ్డ లావుపాటి లెక్చరరు గడియారం చూసుకున్నాడు.

తెర వెలిగింది.

ఏమి ఆ తెర! ఏమి ఆ శోభ! నల్లని తారురోడ్డు తడిసి నిగనిగలాడుతోంది. బస్సు ముందద్దం మీద వానచుక్కలు ఒక్కొక్కటీ ఒక్కొక్క దీపాన్ని మింగి మెరుస్తున్నాయి. పక్కద్దంలో వెనకాల వచ్చే లారీ నెంబరు సహితం చదవవచ్చు. డ్రైవరు చదివాడు. ఆసుపత్రి బోర్డు మీద చదవలేనివాడు ఇక్కడ చదివాడు. బ్రహ్మాండమైన స్టీరింగును భుజబలంతో తిప్పిన ఆ కాయలు కాచిన హస్తాలు బాణం గుర్తుల చిన్న మీటల మీద చాలాసేపు తడుముకుని స్థిరపడ్డాయి. బస్సు గేటు దాటింది.

ఖాళీ రోడ్డు మీద అంతా బాగానే నడిచింది. కూడలి వచ్చింది. అక్కడ మనుషులున్నారు, ఆటోలున్నాయి, సిగ్నలుంది, అడ్డంగా తోసుకొచ్చే సైకిలు ఉంది. ఇన్నిటి గురించి ఒక్కసారిగా ఆలోచించవలసి వచ్చేసరికి ఆ చవక ప్రాసెసర్ నిలువునా బిగుసుకుపోయింది. తెర ఆగింది. వానచుక్క ఆగింది. రోడ్డు దాటుతున్న ముసలమ్మ ఒక కాలు గాలిలో పెట్టి ఆగింది. డ్రైవరు బ్రేకు నొక్కాడు. నొక్కి పట్టుకున్నాడు.

బొమ్మ మళ్లీ కదిలేసరికి బస్సు ఫుట్‌పాత్ మీదుంది. ముసలమ్మ కనిపించలేదు.

"నేను బ్రేకు నొక్కాను," అన్నాడు డ్రైవరు.

లెక్చరరు ప్రింటరును ఇంకో చంకకు మార్చుకున్నాడు.

"ముందే నొక్కాను. నొక్కాక గుద్దింది. బావా, నువ్వు చూశావు కదా?"

"బొమ్మేలే, బావా."

"బొమ్మో బొక్కో! నేను నొక్కాను!"

అది చెప్పి ముగించేలోపు, ఆ మహా కార్డు ఆకలికి చాలినంత కరెంటు పోయలేక, ఫ్యాను లేని పెట్టెలో ఉడికిపోయి, చవక పవర్ సప్లై టప్పుమని కన్నుమూసింది. తెర నల్లబడింది. డ్రైవరు ఆ నల్లదనం వంక చూస్తూ కూర్చున్నాడు. అటువంటి నల్లదనం అతనికి కొత్త కాదు. ఎడమ కంట్లో అది రోజూ ఉంటుంది. దాన్ని ఇక్కడ కూడా డబ్బిచ్చి కొనుక్కోబోతున్నాడు.

"బిల్లు కొట్టమంటారా?" అన్నాడు షాపాయన. ఆ దెబ్బ కొట్టడంలో అతనికి కొంత ఆనందం లేకపోలేదు.

ఇక్కడే అసలు యుద్ధం. కండక్టరు గొంతు సవరించుకున్నాడు. మేఘగంభీర స్వరంతో, సభాసదులందరూ వినేట్టు, అనగా లెక్చరరూ అతని ప్రింటరూ వినేట్టు, ఇట్లు పలికాడు:

"నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నాను, అంత పెద్ద కార్డు వద్దని."

"నువ్వా? నువ్వెప్పుడు చెప్పావు?"

"మనసులో అనుకున్నాను."

"ఆ ఫ్యాను దింపించిందెవరు? పెట్టెలో బోలెడు చోటుందన్నదెవరు? బస్సులో జనాన్ని కుక్కినట్టు ఇనుమును కుక్కించావు కదయ్యా!"

"నీ తిక్క ఇంజను వల్ల కాదూ ఇదంతా? ఆలోచించడం నా పనంటావు. నువ్వెప్పుడు ఆలోచించావు? నీకు బుర్రుందనుకునే మా చెల్లెల్నిచ్చాం."

"మీ చెల్లెలు పోయింది," అన్నాడు డ్రైవరు. "ఇంక నాకూ నీకూ ఏం సంబంధం? దిగు."

'దిగు' అన్నది బస్సు భాష. టికెట్టు లేనివాణ్ని అనేది. కండక్టరు జీవితంలో ఎంతోమందిని ఆ మాట అన్నాడు. తనను ఒకరు అనడం ఇదే. అతను వెళ్లి దుకాణం మెట్టు మీద వీధివైపు తిరిగి నిలబడ్డాడు. పోలేదు, పోవడానికి అతనికీ వేరే చోటు లేదు.

లెక్చరరు దగ్గాడు. "సార్, మీరు ఏదో ఒకటి తేల్చితే..."

"ఉండవయ్యా," అన్నాడు డ్రైవరు.

అతను బల్ల మీదికి వంగి పెట్టెలోకి చూశాడు. ఆ ఇరుకులో కార్డు ఇంకా వేడిగా, గర్వంగా ఉంది. దాని పక్కన నోరు తెరవలేక చచ్చిన చిన్న బిళ్ల. ఏడుపు ముఖంతో ఒంటరి ర్యామ్. అటు మెట్టు మీద బావ వీపు. ఎవరికి వారు సరిగానే ఉన్నారు. కలిపి బిగిస్తేనే చచ్చారు.

"ఇదిగో," అన్నాడు షాపాయనతో. "ఈ కార్డు తీసెయ్యి."

"నిజంగానా?"

"వానచుక్కలు నాకెందుకు? అద్దం తుడుచుకునేవాణ్ని కానీ వానను చూసేవాణ్ని కాను. నేను బ్రేకు నొక్కితే అప్పుడే పడాలి. దానికేం కావాలో అది వెయ్యి. ఇంజను తగ్గించు."

ఇంజను తగ్గించు! ఏ డ్రైవరు నోటా ఇంతకుముందు రాని మాట, ఏ డిపో గోడలూ వినని మాట, వింటే పాత బస్సులు షెడ్లలో కళ్లనీళ్లు పెట్టుకునే మాట! కవచం విప్పి శత్రువుకిచ్చినవాడైనా, కోట తాళాలు పళ్లెంలో పెట్టి పంపినవాడైనా, ఆ మాట అనడానికి ఈ డ్రైవరు పడ్డంత యాతన పడి ఉండడు. అతను ఆ త్రిపంకాధారిని రెండు చేతులా పట్టుకుని చివరిసారి బరువు చూశాడు.

"పోరా నాయనా," అన్నాడు. "నువ్వు గొప్పోడివే. నీకు తగ్గ బండి నా దగ్గర లేదు."

షాపాయన దాన్ని పైఅరలో పెట్టాడు. అది అప్పుడే ఇంకొకరి కోసం మెరవడం మొదలుపెట్టింది. అటువంటివాటికి సిగ్గుండదు.

ఆపైన సంధానం రెండోసారి. ఈసారి కూడలిని చూసి బిగుసుకుపోని ప్రాసెసర్ వచ్చి కూర్చుంది. దాని భుజానికి దీటైన కార్డు వచ్చింది. రెండే పంకాలు, దీపాలు లేవు, గుమాస్తాలా ఉంది. రెండు ర్యాములు జంటగా నిలిచాయి. అందరికీ పంచి తనకు కొంత మిగుల్చుకోగల పవర్ సప్లై అడుగున బైఠాయించింది. పెట్టె ఒక సైజు పెద్దది. అందులో ముందు ఫ్యాను ఎవరి దయా లేకుండా తిరిగింది. దేనికదే అందంలో అంతంత మాత్రం. దుకాణం ముందు పెడితే ఎవరూ ఆగి చూడరు. ఇంజను తగ్గించగా మిగిలిన సొమ్ము సరిగ్గా మిగతావాటి ఆకలి తీర్చింది. ఒక చక్కని మౌసు కొనడానికి కూడా ఏమీ మిగల్లేదు. షాపాయన తన డ్రాయరులోంచి పాతదొకటి తీసి పడేశాడు.

"తోలండి," అన్నాడు.

తెర మీద బస్సు స్టాండులో నిలబడింది. ఇంజను మోగుతోంది. ప్రయాణికులు ఎక్కారు, ఒక ముసలాయన, సంచీతో ఒకావిడ, బడిపిల్లల గుంపు. బొమ్మ ఎక్కడా తడబడలేదు. డ్రైవరు మీటల మీద వేళ్లుంచాడు. కుడికాలు బల్లకింద సిద్ధమైంది.

బస్సు కదల్లేదు.

షాపాయన ముఖం మారింది. వంగి కేబుళ్లు చూశాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వేడి లేదు. తెర మీద స్టాండులోని మిగతా బస్సులు వస్తూ పోతూనే ఉన్నాయి. లెక్చరరు ప్రింటరును నేలమీద పెట్టి, "ఎస్కేప్ నొక్కి చూడండి," అని సలహా ఇచ్చాడు. "హ్యాంగయింది," అని నిర్ధారించాడు కూడా.

"హ్యాంగవలేదు," అన్నాడు షాపాయన. "అన్నీ బాగానే ఉన్నాయి. సార్, పైబాణం నొక్కండి. పైబాణం."

"తెలుసు."

"మరి నొక్కరేం?"

"చెప్పలేదుగా."

"ఎవరు చెప్పాలి?"

డ్రైవరు తెరలోని వెనక అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. అందులో బస్సు తలుపుంది. తలుపు దగ్గర ఎవరూ లేరు. పొమ్మనే మనిషి లేకుండా బండి తీయడం అతనికి చేతకాదు. అది నియమం కాదు, పట్టుదల కాదు, చేతకాదు. కాలు పడదు. మెట్టు మీది వీపు ఆ 'చెప్పలేదుగా'ను విన్నది. వీపుకు కూడా ఆ ఇంజను చప్పుడు ఎంతసేపు మోగుతోందో తెలుసు. నిండిన బండి ఊరికే మోగుతుంటే ఏ కండక్టరూ ఓర్చుకోలేడు.

"డీజిల్ నీ బాబు పోశాడా?" అని వీధివైపే చూస్తూ అడిగాడు కండక్టరు.

డ్రైవరు బల్లకింద కుడికాలు సర్దుకున్నాడు.

కండక్టరు వెనక్కి తిరిగాడు. లెక్చరరును భుజంతో తోసి, "జరగవయ్యా, లోపలికి జరుగు," అంటూ బల్ల దగ్గరికొచ్చాడు. తెరలోకి వంగి చూశాడు.

"ఆ ముసలాయన కూర్చున్నాడా?"

"కూర్చున్నాడు."

"ఆ పిల్లలు ఫుట్‌బోర్డు మీద ఉన్నారేమో చూశావా?"

"లోపలే ఉన్నారు. నువ్వు చూడరాదూ, నీ పనది."

కండక్టరు చూశాడు. తీరిగ్గా చూశాడు, అవమానం కొంత చల్లారేదాకా చూశాడు. ఆ తర్వాత దిగంతాలు దద్దరిల్లేట్టు, అరలలోని మదర్‌బోర్డులు ఉలిక్కిపడేట్టు, కుడి అరచేత్తో కొత్త క్యాబినెట్ పక్కమీద దబదబా రెండు చరుపులు చరిచాడు.

"రైట్ రైట్!"

"అయ్యో, కొట్టకండి సార్!" అని షాపాయన పెట్టెను కావలించుకున్నాడు.

అప్పటికే బస్సు కదిలింది.

వినండి, ఓ వీధి జనులారా, పనీపాటా మానుకుని వినండి! ఆ మహారథం సైకిలు కంటే కొంచెం తక్కువ వేగంతో స్టాండు గేటు దాటింది. కూడలికి వచ్చింది. ఆటోలు వచ్చాయి, మనుషులు వచ్చారు, ఎర్రదీపం పడింది. షట్చక్ర మహారథ సారథి బ్రేకు నొక్కాడు. నొక్కినప్పుడే బస్సు ఆగింది. ముందు కాదు, తర్వాత కాదు. పచ్చదీపం పడింది. బస్సు మళ్లీ కదిలి, ఏ వీరుడూ ఇంత ఆలస్యంగా చేరని ఆ గమ్యాన్ని, అనగా మొదటి స్టాపును, ఎవరినీ తొక్కకుండా చేరింది. ముసలాయన దిగాడు. ఈ దండయాత్రలో ఆక్రమించిన భూమి అంతే.

ఈ గాథ చదివినవారి పవర్ సప్లై ఏనాడూ టప్పుమనకుండుగాక. విన్నవారి బొమ్మ కూడలిలో ఆగకుండుగాక. విని కూడా పెద్ద కార్డే కొంటామనేవారు కొనుక్కొందురుగాక, వాళ్ల ఖర్మ.

"బిల్లు కొట్టెయ్యమంటారా?" అన్నాడు షాపాయన.

"ఆగవయ్యా, ఇంకా ఎక్కుతున్నారు," అన్నారు బావలిద్దరూ ఒక్కసారే.